పదకొండు గడియారాలు

ఫిబ్రవరి 17, సోమవారం

ఈ రోజు నుంచి నా ఉద్యోగం రంగులు చూడడం.

పద్నాలుగేళ్ళుగా సర్వర్లు నిలబెట్టినదాన్ని. ఇక నుంచి ఒక స్క్రీన్ ముందు కూర్చుని పచ్చగా ఉందా, ఎర్రగా ఉందా అని చూసి, వారానికోసారి 'అంతా పచ్చ' అని మెయిల్ పెట్టాలట. లీడ్ కుర్చీ పోయింది. కిటికీ పక్క సీటు పోయింది. ఏసీ గాలి నేరుగా నెత్తిన పడే మూల సీటు మిగిలింది.

సాయిశంకర్. మా మేనేజరు. ఈ పుస్తకంలో మొదటి పేజీలోనే వాడి పేరు ఉండాలి కాబట్టి రాస్తున్నాను. నోటితో సార్ అంటాను. ఇక్కడ వాడు అంటాను. ఇక్కడ నా ఇష్టం.

జనవరి తొమ్మిది మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "ఆశా, రెండో నంబరు మెషీన్లో సెట్టింగు సేత్తో మార్చీ. రికార్డు తర్వాత రాసుకుందాం" అన్నాడు. మార్చాను. స్టోరేజి లైను తెగింది. మా సర్వర్ల మీద నడిచే కంటైనర్ యార్డు గేట్లు నలభై నిమిషాలు ఆగిపోయాయి, ట్రెయిలర్లు రోడ్డు మీద బారులు తీరాయి. రిపోర్టులో వాడు రాసిన ముక్క నాకు కంఠతా వచ్చు: 'అనుమతి లేకుండా ఆశాజ్యోతి చేత్తో చేసిన మార్పు.' డైరెక్టర్ గారి ముందే అడిగాను. "నానెప్పుడన్నానమ్మా?" అన్నాడు. కనుబొమ్మ కూడా కదల్లేదు. ఫోన్ వచ్చినట్టు కాల్ లిస్టులో ఉంది. మాటలు లిస్టులో ఉండవు కదా.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సరే. బోడి మల్లయ్య ఏం చేస్తాడో చూద్దాం.

ఫిబ్రవరి 18

పచ్చ.

ఫిబ్రవరి 20

మూల సీటులో మెడ పట్టేసింది. ఆఫీసులో ముప్పై మంది ఉన్నారు, ఒక్కడూ నా వైపు చూడడు. మా ఫ్లోర్ తుడిచే జోగమ్మ ఒక్కతే అడిగింది.

"ఏటమ్మా, సీటు మార్సేసినారు? నీకు ఆ గాలి పడదు గదా."

సాయంత్రానికి ఎక్కడి నుంచో అట్టముక్క తెచ్చి, కుర్చీ ఎక్కి, గాలి వచ్చే చోట అడ్డంగా కట్టింది. వాళ్ళాయన ఎల్లాజీ ఆ కంటైనర్ యార్డులోనే కాంట్రాక్టు పని చేస్తాడట, ట్రెయిలర్లు వెనక్కి వస్తుంటే సిగ్నల్ ఇస్తాడు. "మీ గేట్లాగిన రోజు మా ఆయన నాకు ఫోన్ సేసి నవ్వినాడమ్మా, కూకోబెట్టి జీతమిత్తన్నారని" అంది. ఆ గొడవలో నవ్వినవాడు ఒకడైనా ఉన్నాడన్నమాట.

ఫిబ్రవరి 24, సోమవారం

అన్నం తింటుంటే అమ్మ అడిగింది, "ఏవిటే ఆ రంగుల ఉద్యోగం?" అని. రావులపాలెం నుంచి నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగంతో పాటు కంచరపాలెం వచ్చి నలభై ఏళ్ళయింది, అమ్మ మాట ఇంకా గోదావరి దాటలేదు.

చెప్పాను. మా ఆఫీసు హాల్లో పదకొండు పెద్ద యంత్రాలు ఉన్నాయి. ఒక్కోదాంట్లో ముప్పై నలభై సర్వర్లు అద్దెకుంటాయి. ఒక యంత్రం అలిసిపోతే అందులోవి ఇంకోదాంట్లోకి మారిపోతాయి, కాబట్టి పదకొండింటి అమరికా ఒకేలా ఉండాలి. చేత్తో ఎవరూ ముట్టుకోకుండా సాయిశంకర్ కొత్త పద్ధతి పెట్టాడు. నాలుగో నంబరు మచ్చు. దాని అమరికంతా తీసి మిగతా పదింటి మీదా రుద్దేశాడు. మిగతావి నాలుగో నంబరులా ఉంటే పచ్చ, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఎరుపు.

"మరి ఆ నాలుగోదే తగలడితేనో?" అంది అమ్మ, చారు పోస్తూ.

ఫిబ్రవరి 25

అమ్మ కాళ్ళకి దండం పెట్టాలి.

పొద్దున్నే నాలుగో నంబరు అమరిక మొత్తం వరసగా చదివాను. నూట అరవై పేజీలు. తొంభై మూడో పేజీలో ఉంది. ప్రతి యంత్రమూ టైమెంతయిందని రోజూ ఒక చోట అడిగి తన గడియారం సరిచేసుకుంటుంది. మిగతా పదీ ఇక్కడి కొత్త మెషీన్‌ని అడిగేలా రెండేళ్ళ కిందట నేనే పెట్టాను. నాలుగోది ఒక్కటే ద్వారకా నగర్ పాత ఆఫీసులోని ముసలి మెషీన్‌ని అడుగుతోంది. దాని వంతు వచ్చేసరికి నన్ను వేరే పనిలోకి తోశారు. డైరెక్టర్ గారికి చూపించే తొందరలో మహానుభావుడు చూసుకోకుండా దాన్నే మచ్చు చేశాడు. ఇప్పుడు పదకొండూ ఆ ముసలిదాన్నే అడుగుతున్నాయి.

మార్చి 31న ద్వారకా నగర్ ఆఫీసు ఖాళీ చేస్తున్నాం.

స్క్రీన్ చూశాను. పచ్చ. అన్నీ నాలుగోదానిలా ఉన్నాయా అనే అడుగుతుంది అది. నాలుగోది మంచిదా అని అడగదు.

చెప్పాలా? నన్ను రంగు చూడమన్నారు. చూశాను.

మార్చి 10

కొత్త పద్ధతికి డైరెక్టర్ గారు వాడికి షీల్డు ఇచ్చారు. అందరికీ కాజాలు పంచాడు. రెండు తిన్నాను. బాగున్నాయి.

మార్చి 31, సోమవారం

నిన్న ఉగాది. ఈ రోజు ద్వారకా నగర్ ఖాళీ చేయించడానికి ఎవర్ని పంపారు? నన్నే. లీడ్ పనులు లేవు కదా, సామాన్లు లెక్కపెట్టే పనులున్నాయి.

ముసలి మెషీన్ మెట్ల కింది గదిలో ఉంది. దుమ్ము. ఎర్ర దీపం ఒకటి మిణుకుమంటోంది. హమాలీ అడిగాడు, "ఇది కూడా తీసీమంటారా మేడమ్?" అని. లిస్టు చూశాను. లిస్టులో ఉంది. లిస్టు కింద సాయిశంకర్ సంతకం ఉంది.

నా చేత్తోనే స్విచ్ ఆపాను. ఆపమన్నారు కాబట్టి ఆపాను.

ఏప్రిల్ 7

టైము చెప్పే ముసలిది లేక ఇప్పుడు ఏ గడియారం దారి దానిది. గేటు సర్వర్ ఏడో నంబర్లో ఉంటుంది, యార్డు కెమెరాల రికార్డు మూడో నంబర్లో. ఆ రెండూ చోటు మారకూడదని యార్డుతో ఒప్పందం. అందుకని వాటినే చూస్తున్నాను. ఫోను స్క్రీన్ పక్కన పెట్టుకుని రెండు టైములూ సెకన్లతో సహా పోల్చి చూడాలి.

ఏడు: 21 సెకన్లు ముందు.
మూడు: 7 సెకన్లు వెనక.
నాలుగు: కచ్చితంగా ఉంది. దాని బుద్ధి దానిదే.

రంగు: పచ్చ.

ఏప్రిల్ 8

ఏడు: 24. పచ్చ.

ఏప్రిల్ 30

ఏడు: ఒకటిన్నర నిమిషం ముందు. మూడు: అర నిమిషం వెనక.

ఎవరూ చూడలేదు. ఎవరికీ పట్టలేదు. పద్నాలుగేళ్ళు నేను పట్టించుకున్నవన్నీ కూడా ఇలాగే ఎవరికీ కనపడకుండా ఉండేవి కాబోలు.

మే 16, శుక్రవారం

మీటింగులో అందరి ముందూ, "ఏటి ఆశా, పచ్చగుందా? పచ్చగుంటే పచ్చగుందని సెప్పు, మొకం ఎర్రగెట్టుకోకు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వినందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

సెప్టెంబరు 12న యార్డు వాళ్ళ ఆడిట్ ఉంది. గేటు రికార్డు, కెమెరా రికార్డు పక్కపక్కన పెట్టి వరస వరసా చూస్తారు. లారీ కెమెరాలో కనపడిన పది నిమిషాలకి గేటులోకి వచ్చినట్టు ఉంటుంది. అప్పుడు అడుగుతారు, ఈ పద్ధతి పెట్టిందెవరయ్యా అని. షీల్డు ఎవరి బల్ల మీదుందో వాడు.

నేను వాడికి ఏ అన్యాయమూ చేయడం లేదు. వాడు చేసినదాన్ని అలాగే ఉండనిస్తున్నాను, అంతే. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

జూన్ 10, మంగళవారం

ఏడు: 3 నిమిషాల 33 సెకన్లు ముందు.

జోగమ్మ గుడ్డ పిండుతూ చెప్పింది. "మా ఆయనకి రోజూ లేటు పడతందమ్మా. ఆరింటి డూటీకి ఆరవకుండానే గేటుకాడుంటన్నాడు. కార్డు గీత్తే ఆరు దాటీసినట్టు సూపిత్తంది. మూడు లేట్లకి అరపూట కోసేత్తన్నారు. సూపర్‌వైజర్నడిగితే, కంప్యూటర్ అబద్దమాడుద్దేటి, నువ్వే ఆడతన్నావన్నాడంట."

"తొందరగా బయల్దేరమను" అన్నాను.

"ఆటో అయిదున్నరకి గానీ రాదమ్మా."

ఎల్లాజీ ఫోను వెనకబడి ఉండొచ్చు. చవక ఫోన్లు అలాగే ఉంటాయి. మనిషన్నాక అప్పుడప్పుడూ ఆలస్యంగా కూడా వెళ్తాడు.

జూన్ 11

నిన్న సలహా కూడా ఇచ్చాను కదా. ఆటో వాడిని మార్చుకోవచ్చు.

మూడు నెలలే. సెప్టెంబరులో అంతా బయటపడ్డాక కోసిన పూటలన్నీ తిరిగి ఇప్పిస్తాను. నేనే దగ్గరుండి ఇప్పిస్తాను.

జూన్ 12

ఏడు: 3 నిమిషాల 39. పచ్చ.

జులై 4

ఈ రోజు సాయిశంకర్ హైదరాబాద్ పోస్టుకి పెట్టుకున్నాడని తెలిసింది. ఆడిట్ అయ్యాక వెళ్తాడట. వెళ్తాడు, వెళ్తాడు. నేను సాగనంపుతాను.

ఏడు: 4 నిమిషాల 45.

జులై 21, సోమవారం

ఏడు: 5 నిమిషాల 36 ముందు. మూడు: 1 నిమిషం 52 వెనక. పచ్చ.

జోగమ్మ రాలేదు. ఫ్లోర్ ఎవరూ తుడవలేదు.

జులై 23

ఎల్లాజీ కాలు ట్రెయిలర్ చక్రం కింద పడింది. సోమవారం పొద్దున, డ్యూటీ ఎక్కగానే. పెద్దాసుపత్రిలో ఉన్నాడు. మోకాలి కింద తీసేశారు.

ఆఫీసులో చందా వేశారు. నేను అందరికంటే ఎక్కువ వేశాను.

జులై 28, సోమవారం

జోగమ్మ వచ్చింది. వారంలో పదేళ్ళు పైబడ్డట్టుంది. బకెట్ కింద పెట్టి, నా బల్ల పట్టుకుని నిలబడింది.

"పరిహారం రాదంటన్నారమ్మా. ఆరింటికి పడిపోయినట్టు కెమేరాలో ఉందంట. ఆరూ మూడుకి కార్డు గీసినట్టు గేటులో ఉందంట. అంటే కార్డు గియ్యకుండా దొంగతనంగా లోపలికెల్లినాడంట. పడిపోయినాక ఎవుడో మా ఆయన కార్డు గీసీసినాడంట. మా ఆయన మీదే కేసెడతామంటన్నారు. నువ్వు సదువుకున్నదానివి, సెప్పమ్మా, కాలు పోయినోడు కార్డెలా గీసుకుంటాడు?"

ఏం చెప్పానో గుర్తు లేదు. ఏదో చెప్పాను. జోగమ్మ వెళ్ళాక లెక్క వేశాను. గేటు గడియారం 5 నిమిషాల 36 ముందుంది. కాబట్టి ఎల్లాజీ కార్డు గీసింది ఆరూ మూడుకి కాదు, ఆరుకి రెండు నిమిషాలు తక్కువుండగా. కెమెరా గడియారం 1 నిమిషం 52 వెనక ఉంది. కాబట్టి పడింది ఆరుకి కాదు, ఆరూ రెండుకి.

కార్డు గీసి, లోపలికి నడిచి వెళ్ళి, నాలుగు నిమిషాలు పని చేసి, పడ్డాడు.

మూడుసార్లు వేశాను. మూడుసార్లూ అంతే వచ్చింది.

జులై 29

రాయను.

జులై 30

ఇది సాయిశంకర్ చేసింది. నాలుగో నంబర్ని మచ్చు చేసింది వాడు. లిస్టు మీద సంతకం వాడిది. నేను రంగు చూశాను. ఎన్నిసార్లయినా రాస్తాను. నేను రంగు చూశాను. నేను రంగు చూశాను.

జులై 31, గురువారం

వాడి గదికి వెళ్ళి చెప్పేశాను. గడియారాలు తప్పుగా ఉన్నాయి, ఇదీ కారణం, ఇదీ పేజీ అని. వాడి మొహం తెల్లబడింది. ఇన్ని నెలలుగా నేను చూడాలనుకున్నది ఆ మొహమే. ఎంతసేపు చూశానో తెలియదు. కడుపు నిండలేదు.

తర్వాత వాడు లేచి, తలుపు వేసి, పావుగంటలో పని కానిచ్చాడు. పదకొండింటి అమరికా మార్చేశాడు. గడియారాలన్నీ ఒక్కసారి గెంతి సరైన టైముకి వచ్చి కూర్చున్నాయి. ఆ గెంతిన ఆనవాళ్ళు, గడియారాల పాత రికార్డులు, స్థలం చాలడం లేదని రాసి తుడిచేశాడు. అన్నీ నా కళ్ళ ముందే.

"మరి ఎల్లాజీ?" అన్నాను.

"ఎవుడాడు?"

చెప్పాను. "నాకు తెలీక సేసినాను ఆశా. ఒట్టు. తెలిస్తే సేత్తానా?" అన్నాడు. ఆ మాట నిజమే అయి ఉండాలి. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇప్పుడు నోరిప్పితే ఇద్దరం మునుగుతాం. వారం వారం పచ్చ అని మెయిలెట్టింది నువ్వే గదా. నీకెప్పుడు తెలిసిందేటి అని అడిగితే ఏటి సెప్తావ్? నాను హైదరాబాద్ ఎల్లిపోతాను. నీ కుర్చీ నీకిచ్చేత్తాను. జనవరి రిపోర్టు కూడా తిరగరాసేద్దాం, నానే సెప్పినానని. సరేనా?"

నానే సెప్పినానని. ఆ మాట కోసం ఏడు నెలలు పడిగాపులు పడ్డాను.

"ఆలోచిస్తాను సార్" అన్నాను.

ఆగస్టు 1

కిటికీ సీటు ఇచ్చారు. ఇక్కడ నుంచి సముద్రం కొంచెం కనపడుతుంది. ఏసీ గాలి తగలదు.

కుర్చీ బాగుంది.

ఆగస్టు 4, సోమవారం

ఎల్లాజీ ప్రమాదం మీద యార్డు ఆఫీసులో బుధవారం పదింటికి విచారణ. ఈలోగా కాంట్రాక్టరు మనుషులు ఆసుపత్రికి వచ్చి కాగితం ఒకటి ఇచ్చారట. తప్పు తనదేనని ఎల్లాజీ సంతకం పెడితే కేసు లేకుండా, దయతలచి ఏదో ఇస్తారట.

"ఎట్టీమంటావా అమ్మా సంతకం?" అని అడిగింది జోగమ్మ. నా పాత సీటు దగ్గర అట్టముక్క ఊడదీస్తూ అడిగింది, ఇక అక్కర్లేదు కదా అని.

"బుధవారం దాకా పెట్టొద్దు" అన్నాను.

సర్వర్లలో ఇప్పుడేమీ లేదు. అక్కడ అన్ని గడియారాలూ మంచివే, ఎప్పుడూ మంచివే అన్నట్టున్నాయి. ఏ రోజు ఏ గడియారం ఎంత తప్పిందో ఉన్నది భూమ్మీద ఒక్కచోటే. ఇందులో.

ఈ పుస్తకం బయటపెడితే సాయిశంకర్ పోతాడు. అది నాకు పండగ. కానీ ఇందులో వాడికంటే నేనే ఎక్కువ ఉన్నాను. వాడు తెలియక చేసింది తొంభై మూడో పేజీలో ఒక్క ముక్క. నేను తెలిసి చేసినవి రోజూ తారీకు వేసి మరీ రాసుకున్నాను. అంకెలు మాత్రం వేరే కాగితం మీద ఎత్తి రాసి ఇస్తే? నిన్న కూర్చుని రాసిందని ఒక్క మాట అంటారు. నమ్మాలంటే పుస్తకం మొత్తం కావాలి, నా తిట్లతో సహా, నా కాజాలతో సహా.

ఆగస్టు 5, మంగళవారం

మధ్యాహ్నం భోజనాల వేళ, మెట్ల దగ్గర జోగమ్మకి చెప్పాను. మొత్తం. గడియారాలు, పాత ఆఫీసు, స్విచ్చు, జూన్‌లో తను నాతో చెప్పిన లేట్లు. నిలబడే వింది.

చివర్లో అడిగింది. "నాను నీకు లేట్ల సంగతి సెప్పిననాటికి నీకు తెల్సా?"

"తెలుసు."

"తెలిసే, తొందరగా బయల్దేరమన్నావా?"

"తెలిసే."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. బకెట్ తీసుకుని కిందికి వెళ్ళి, మిగిలిన మెట్లన్నీ తుడుచుకుంటూ పైకి వచ్చింది. నేను ఉన్న మెట్టు దగ్గర ఆగింది. నేను పక్కకి జరిగాను. అదీ తుడిచింది.

"పుస్తకం నీకు ఇచ్చేస్తాను జోగమ్మా. రేపు వాళ్ళకి చూపించు" అన్నాను.

"నాకేల? నాకు సదువు రాదు. ఆళ్ళకిత్తే మాయం సేసేత్తారు." గుడ్డ పిండింది. "నువ్వే వత్తావు. నువ్వే సదువుతావు, పైకి. మొదట్నించి. ఒక్క ముక్క ఒగ్గీకుండా. మా ఆయన్ని కుర్సీలో తెత్తాను. ఆయనా ఇంటాడు."

"మొత్తం ఎందుకు? అంకెలు చాలు కదా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

"నీ సాయిశంకర్ మీద నీకు కసి గదమ్మా" అంది. "నాకుండదేటి?"

ఆగస్టు 6, బుధవారం, ఉదయం ఏడున్నర

రాజీనామా మెయిల్ పెట్టాను. వాళ్ళు పీకేలోపు నేనే పెట్టాననిపించుకోవడానికి కాదు, అని రాయబోయి ఆగాను. కొంత అందుకే.

సాయిశంకర్ రాత్రి నుంచి పదకొండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. నిన్న యార్డు ఆఫీసుకి ఫోన్ చేసి, సాక్ష్యం చెప్పడానికి వస్తున్నానని చెప్పి, విచారణకి వాడిని కూడా పిలిపించాను. నాకెదురుగా కూర్చోబెట్టమని అడిగాను. ఆ ఒక్క కోరికా ఇంకా చావలేదు.

గదిలో నిలబడి ఒకసారి పైకి చదివి చూసుకున్నాను. పరీక్షకి వెళ్ళే పిల్లలా. వాడి గురించి రాసినవి బాగా వస్తున్నాయి, గొంతు ఖంగుమంటోంది. ఫిబ్రవరి, మార్చి, మే, ఎక్కడా తడబడలేదు. జూన్ పది దగ్గరికి వచ్చేసరికి గొంతు దిగిపోయింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే దిగిపోయింది.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది, "గట్టిగా చదవవే, ఆ ముక్క వినపళ్ళేదు."